ఎర్ర ఫ్లాస్కు బిరడా విజయము

లోకమందలి సమస్త వరుసలకు అధిదేవతవగు ఓ బారులతల్లీ, ముందువానిని ముందుంచి, వెనుకవానిని వెనుకనే అణచి, నడుమవానికి నిద్ర ప్రసాదించు కరుణామయీ, ఒక్క గడియ నా నాలుకపై కూర్చొనుము. చోటు చాలకున్న నిలుచుండుము, నీకది అలవాటే.

ఏ సముద్రమున ఏ తుఫాను తుమ్మెనో, ఏ రేవున ఏ క్రేను మెడ పట్టుకొనెనో ఎవరికిని తెలియదు. ఓడలన్నియు ఒక్కమారుగా మొంబాసా తీరమునకు వచ్చి పడగా, వాని కడుపులలోని ఇనుపపెట్టెలన్నియు లారీల వీపులెక్కి పడమరకు సాగగా, ఆ లారీలన్నియు రెండు దేశముల నడిమి మలాబా సరిహద్దు ముంగిట చేరి, వానకాలపు రెండవ మాసమున, తన తోక ఎక్కడున్నదో తన తలకే తెలియని మహాసర్పమువలె పదునాలుగు కిలోమీటర్ల పొడవున పడియుండెను.

ఆ సర్పము నడిమి వెన్నుపై, కల్వర్టు మొదలు నీలగిరి చెట్ల గుంపు దాక, ఇరువది లారీల మేరను ఒక వీరవనిత ఏలుచుండెను. ఆమె ఉష్ణపానప్రదాయిని, శిశుభారవాహిని, పంకమార్గసంచారిణి, నామధేయము అమోంగిన్, వయస్సు ఇరువది ఒకటి. కుడిచేత మూడు లీటర్ల ఎర్ర ఫ్లాస్కు, ఎడమచేత నూనెలో పొంగిన మందాజీల బుట్ట, వీపున లేసో గుడ్డతో బిగించి కట్టిన తొమ్మిది నెలల కూతురు అకిరు. ఇదియే ఆమె చతురంగబలము. వందడుగులకొకమారు ఆమె చేతిలోని బుట్టను నేలపై పెట్టి, చేయి వెనుకకు పోనిచ్చి, బిడ్డ ముక్కు క్రింద వేలు పెట్టి, ఊపిరి ఉన్నదో లేదో చూచుకొనును. ఉండును. అయినను మరల చూచుకొనును.

ఆ బారున చాయ్ అమ్ము స్త్రీలకు ఎక్కడను వ్రాసిపెట్టని ధర్మశాస్త్రమొకటి కలదు. అందలి రెండు సూత్రములు మన కథకు చాలును. పొద్దున ఏ డ్రైవరు ఎవరి చేతి మొదటి కప్పు త్రాగునో, ఆనాటికి వానిని నిద్రలేపు హక్కు ఆమెదే. బారు కదలినప్పుడు ఆమె వచ్చి రేకు కప్పుతో లారీ తలుపుపై మూడు దెబ్బలు కొట్టవలెను. మరియొకతె ఆ తలుపు తాకరాదు, వానిని పిలువరాదు. వాడు లేవనిచో లారీ ముందు ఖాళీ ఏర్పడును. ఖాళీ ఏర్పడినచో వెనుకవాడు దూరును. దూరినవానిని బయటికి లాగు మొనగాడు ఆ సరిహద్దుకు ఇటుగాని అటుగాని ఇంతవరకు పుట్టలేదు. ఇక రెండవ సూత్రము: వరుసగా మూడు ఉదయములు చల్లారిన చాయ్ పోసినదాని మేర పక్కదానికి పోవును. ఏడ్చినను రాదు.

సోమవారము మధ్యాహ్నమున ఉపద్రవము జరిగెను. అకిరుకు పండ్లు వచ్చు కాలము. చేతికందిన ప్రతి వస్తువును చిగుళ్ళతో పరీక్షించుట ఆ చిన్నదాని వ్రతము. తల్లి ఒక డ్రైవరుకు చాయ్ వంచుచుండగా ఆమె భుజము మీదుగా చేయి చాచి, ఫ్లాస్కు బిరడాను అందుకొని, పరీక్షించి, అది తన స్థాయికి తగదని తేల్చి విసరివేసెను. అది దొర్లుకొనుచు పోయి గోధుమల లారీ చక్రము ముందు ఆగెను. తెల్లవారినది మొదలు ఒక్క అడుగైన వేయని ఆ బారు, సరిగ్గా ఆ క్షణముననే, ఒక్క అడుగు వేసెను. ఒక్కటే. తరువాత సాయంకాలము దాక మరల కదలలేదు. ప్రపంచ వాణిజ్యమంతయు నలుబది టన్నుల తన పాదమెత్తి, వెదకి వెదకి, అమోంగిన్ బిరడాపై మోపి, వచ్చిన పని అయినది గదా అని నిలిచిపోయినట్లుండెను.

అక్కడనే పొయ్యి పెట్టుకొనవచ్చును గదా అందురేమో. బారు నిండ పెట్రోలు ట్యాంకర్లు. అగ్గిపుల్ల గీచినను డ్రైవర్లు రాళ్ళు పుచ్చుకొందురు. మైలు దూరమందలి ఇంటిలో చీకటితో కాచి ఫ్లాస్కున పోసి తేవలసినదే. కొత్త ఫ్లాస్కు కొనరాదా అందురేమో. కొనగలిగినచో ఈ గాథయే లేదు, మీరును నేనును ఎవరి పని వారు చేసికొనుచుండెడివారము.

మంగళవారము ఉదయమున అమోంగిన్ మొక్కజొన్న కండెకు ప్లాస్టిక్ సంచి చుట్టి ఫ్లాస్కు మూతిలో దట్టించి రణభూమికి బయలుదేరెను. కండెకు తన ధర్మము తెలియును గాని బిరడా ధర్మము తెలియదు. కల్వర్టు దాటునప్పటికే చాయ్‌లోని వేడి సగము ఆకాశగామియాయెను. మిగిలిన సగమునకు కండె వాసన పట్టెను. డ్రైవర్లు ఒక గుక్క త్రాగి ఒకరి మొగము ఒకరు చూచుకొనిరి. అది మొదటి చల్లని ఉదయము.

ఆమె మేరలో పదునొకండవ లారీ మ్వాదిమేది. తైతా కొండలవాడు, మొంబాసా నుండి ఐదు రోజులుగా వచ్చుచున్నాడు, కోపము తెలియని స్థూలకాయుడు. ఆ మహాకాయుడు కప్పును పెదవికి తాకించి, కనుబొమలు ముడిచి, మేఘగర్జనమువంటి కంఠమెత్తి ఇట్లనెను:

"అకిరు తల్లీ, ఇది చాయా, కండెలు కడిగిన నీళ్ళా?"

ఆమె తల వంచుకొని బిరడాకు పట్టిన గతి చెప్పెను. చెప్పుచుండగానే అతడు పొట్ట కదలునట్లు నవ్వుట మొదలుపెట్టెను. ఆమెకు కండ్లు చెమ్మగిలెను.

"నిన్ను చూసి కాదమ్మా నవ్వేది. నా బండి వెనకాల ఏముందో తెలుసా? ఫ్లాస్కులు. తొమ్మిది వేలు. ప్రతిదానికీ నెత్తిన ఓ బిరడా."

అమోంగిన్ బుట్ట క్రింద పెట్టెను. లారీ వెనుకకు నడచి, నీలిరంగు ఇనుపపెట్టె ముందు నిలిచి, దానిపై అరచేయి ఆనించెను.

ఆహా, ఆ ఇనుపరేకు మందము బొటనవ్రేలంత. దానికి ఆవల ఆమె కోరిన బిరడా. దానికి ఈవల ఆమె. అయినను ఆ బిరడా ఎంత దూరము వచ్చినదో వినుడు. ఏ ఎడారి గర్భముననో నల్లని నూనెగా పుట్టి, ఏ కర్మాగారముననో తెల్లని గింజలై, చీనా దేశమున ఏ పట్టణముననో ఏ తల్లి చేతి క్రిందనో అచ్చున పడి బిరడా రూపమెత్తి, అట్టపెట్టెలో దూరి, అట్టపెట్టె ఇనుపపెట్టెలో దూరి, ఇనుపపెట్టె ఓడ కడుపున దూరి, ముప్పది దినములు అలలపై ఊగి, రేవున క్రేను గోళ్ళకు వ్రేలాడి, లారీ వీపెక్కి, దేశము ఈ చివర నుండి ఆ చివరకు ప్రయాణించి, సరిగ్గా అమోంగిన్ ముంగిట ఆగినది. ఆగి కూడ ఆమెది కాదు. అది పొరుగు దేశపు సరుకు. సరిహద్దు దాటి, తొరోరో పట్టణపు గిడ్డంగిలో దిగి, అక్కడ ఎవరో విప్పి ఇచ్చినగాని, మరల సరిహద్దు దాటి వచ్చినగాని, ఆ బొటనవ్రేలంత దూరము తీరదు. తేయాకు మన కొండలపై పుట్టి లోకమునకు పోవును. దాని వేడి నిలుపు బిరడా మాత్రము లోకము నుండి రావలెను. దీనినే పెద్దలు అంతర్జాతీయ వాణిజ్యమందురు.

"ఒక్కటంటే ఒక్కటి తీసివ్వరాదా అన్నా?" అని ఆమె అడిగెను.

మ్వాదిమే తలుపు గడియకు బిగించిన సీలు చూపెను. చిటికెనవ్రేలంత ఇనుపముక్క, దానిపై అంకెలు. "ఇది తెగితే నా ఉద్యోగం తెగుద్ది, అమ్మా. ఇంట్లో నలుగురు పిల్లలు." ఆ మాటతో అమోంగిన్ మరల అడుగలేదు. ఆమెకును ఒకతె ఉన్నది.

అయినను అతడు మంచివాడు. గతుకులలో ఒకటో రెండో ఫ్లాస్కులు పగులక ఏ లోడును చేరదనియు, లోపలి గాజు పోయినదాని బిరడా ఎవరికిని పనికిరాదనియు, దింపునప్పుడు తానే అడిగి తీసికొందుననియు మాట ఇచ్చెను. చిక్కొకటే. ఆ గిడ్డంగి సాయంకాలము ఆరింటికి మూయుదురు. ఇక తెచ్చువాడందురా, అమోంగిన్ మరిది ఎత్యాంగ్ దినదినము సాయంకాలము సైకిలుపై తొరోరో పోయి, చుట్టాల ఇంట పరుండి, తెల్లవారుసరికి అరటిగెలలు కట్టుకొని తిరిగి వచ్చును. కనుక బుధవారము ఆరు గంటలలోపల ఈ లారీ తొరోరో చేరవలెను. చేరినచో గురువారము ఉదయమునకు బిరడా. చేరనిచో గురువారము మూడవ చల్లని ఉదయము, మేర పరాధీనము.

అంతట అమోంగిన్ కనివిని ఎరుగని ద్రోహమొకటి చేసెను. బారు కదలవలెనని మొక్కెను.

చాయ్ అమ్ము ఏ స్త్రీయైనను ప్రొద్దుననే మొక్కునది ఒక్కటే: ఈ రోజు కదలకు తల్లీ. బారు ఆగిననే కప్పు నిండును. కదలిక వారికి కరవు. అమోంగిన్ పెదవుల కదలికను పక్క మేరను ఏలు నాసిమియు అనునామె కనిపెట్టెను. ఫ్లాస్కద్వయధారిణి, అచ్ఛిన్నబిరడాగర్విణి, నలుబది ఏండ్ల అనుభవము గలది, నీలగిరి చెట్ల నుండి అవతలి భూమికంతటికిని అధిపతి. ఆమె నడుమున చేతులుంచుకొని వచ్చి నిలిచెను.

"ఏమే, కదలాలని మొక్కుతున్నావా? కదిలిపోతే ఏం తింటాం, రోడ్డు గీక్కుని తింటామా?"

"ఒక్క రోజు కదిలి మళ్ళీ ఆగమని మొక్కానక్కా."

"దేవుడు నీ మరిదిలాగా సైకిలు తొక్కుతున్నాడనుకున్నావా, చెప్పినచోట బ్రేకెయ్యడానికి?" అని, కండెను వ్రేలితో మీటి, "గురువారం పొద్దున్నే వస్తా. నా కప్పు నేనే తెచ్చుకుంటాలే," అని నాసిమియు వెడలిపోయెను.

బుధవారము ఉదయము రెండవ చల్లని ఉదయము. అమోంగిన్ కొత్త కండెకు రెండు సంచులు చుట్టినను ఫలము లేకపోయెను. మ్వాదిమే మొగము చిన్నబుచ్చుకొని, "నీ బిరడా తప్పక పంపిస్తానమ్మా, గానీ నీ చాయ్ మాత్రం నా వల్ల కాదు," అని నాసిమియును కేకవేసి ఆమె చేతి కప్పు త్రాగెను. పొగలు కక్కు కప్పు. అంతటితో ఆ లారీ తలుపు ఆనాటికి నాసిమియు వశమాయెను. డీజిలు దొంగలకు జడిసి రెండు రాత్రులు కాపలా కాచిన ఆ మహాకాయుడు, వేడి చాయ్ కడుపున పడగానే సీటుపై వాలి, కిటికీ సందు నుండి బారంతటికి వినబడునట్లు గురక సాగించెను. అతని ఫోను చార్జింగు లేక చల్లబడి రెండు దినములాయెను.

మధ్యాహ్నము రెండు గంటలకు, తల్లీ, నీవు కరుణించితివి. బారు కదలెను.

ఒక అడుగు కాదు, పది అడుగులు కాదు. ముందున్న సిమెంటు లారీలు ఘీంకరించి, నూనె ట్యాంకర్లు బుసకొట్టి, ఎరువుల లారీలు నల్లని పొగ కక్కి, బురద ఎగజిమ్మి, పదునాలుగు కిలోమీటర్ల మహాసర్పము ఒక్కమారుగా ఒడలు విరుచుకొని ప్రాకసాగెను. ఆ సంరంభమున పదవ లారీ కదలిపోయెను. పదునొకండవ లారీ కదలలేదు. దాని ముందు ఒక లారీ పట్టునంత ఖాళీ తెరుచుకొనెను. తరువాత రెండు లారీలు పట్టునంత. పండ్రెండవ లారీవాడు హారన్ కొట్టలేదు. కొట్టినచో ముందువాడు మేల్కొనును గదా. వాడు చిరునవ్వు నవ్వుచు, స్టీరింగు మెల్లగా కుడివైపునకు త్రిప్పుచుండెను. వాని వెనుక మరి నలుగురు అట్లే త్రిప్పుచుండిరి.

అమోంగిన్ బుట్ట వదలి పరుగెత్తెను. నాసిమియు రోడ్డు పక్క రాతిపై కూర్చుండి కాళ్ళకంటిన బురద గోకుకొనుచుండెను.

"అక్కా, నీ డ్రైవరు. లేపు."

"కాళ్ళు నొప్పిగా ఉన్నాయే."

"ఖాళీ పడింది. దూరేస్తారక్కా."

"నా తలుపు, నా ఇష్టం. పాపం నిద్రపోనీ, రాత్రంతా మేలుకున్నాడు," అని నాసిమియు జాలి పడెను. జాలి పడుటలో ఆమెను మించినవారు లేరు. మ్వాదిమే మరియొక దినము నిలిచిపోయినచో ఆమెకు మరియొక కప్పు అమ్ముడగును. అమోంగిన్ ఫ్లాస్కుకు బిరడా రాదు. ఇరువది లారీల మేర కలసి వచ్చును. ఇన్ని ఫలములకు కాళ్ళ నొప్పి ఒక్కటే ఖర్చు.

అమోంగిన్ లారీ తలుపు క్రింద నిలిచి పైకి చూచెను. రేకు కప్పు చేతిలో ఉన్నది. చేయి ఎత్తెను. దించెను. తలుపు తాకినచో ధర్మము తప్పినదగును. తప్పినదానికి మూడు ఉదయములు కూడ అక్కరలేదు, ఆ క్షణమే మేర పోవును. పిలువరాదు. కొట్టరాదు. రాయి విసరుటయు కొట్టుటయే.

ఆ క్షణమున, వీపుపై, అకిరు కండె నములుచుండెను. మంగళవారము వాడి పారవేసిన కండె. బిరడాను మెచ్చని ఆ చిన్నదానికి కండె మాత్రము ప్రాణమైపోయెను. నిన్నటి నుండి చిగుళ్ళ సలుపునకు అదియే మందు, దానితోనే నిద్ర, దానితోనే మెలకువ. అమోంగిన్ శిల్పమువలె నిలిచిపోయెను. ధర్మశాస్త్రమున ఏడ్వరాదని ఎక్కడను లేదు.

తొమ్మిది నెలలుగా ఆ తల్లి చేసిన పని ఒక్కటే: ఈ బిడ్డ ఏడ్వకుండ చూచుట. ఏడ్చిన ఊపిరి అందదేమో, ఏడ్చిన జ్వరము వచ్చునేమో, ఏడ్చిన అత్తగారు ఏమనుకొందురో. పిల్లులను తరిమినది, గాలిని తిట్టినది, లారీ హారన్ మ్రోగిన చెవులు మూసినది. ఇప్పుడు ఆమె గుడ్డ ముడి వదులు చేసి, బిడ్డను ముందుకు తెచ్చి, కిటికీ సందుకు ఎదురుగా రెండు చేతులపై ఎత్తి, "తల్లీ, తప్పైపోయింది," అని చెవిలో చెప్పి, ఒక్కమారు కండె లాగివేసెను.

అకిరు నోరు తెరచెను. మొగము ముడతలు పడెను. పెదవి వణకెను. ఊపిరి లోపలికి పోవుచునే యుండెను, ఇంకను పోవుచునే యుండెను. అప్పుడు బయటపడినది ఆ శంఖారావము. నీలగిరి చెట్ల కొంగలు లేచిపోయెను. ట్యాంకరు క్రింద పరుండిన కుక్క లేచి నిలుచుండెను. పండ్రెండవ లారీవాడు తన బండే ఎవరినో తొక్కెనని భయపడి బ్రేకు నొక్కెను. కిటికీలో గురక తెగెను. ఆ వెనువెంటనే మ్వాదిమే తల, జుట్టు ఒకవైపునకు నిలుచుండగా, బయటికి వచ్చెను.

"ఎవరికేమైంది? పిల్లకేమైంది?"

అమోంగిన్ నోరు విప్పలేదు. పిలువరాదు గదా. గడ్డముతో ముందుకు చూపెను. మ్వాదిమే ముందటి ఖాళీ చూచెను, వెనుకటి చిరునవ్వులు చూచెను, తాళము త్రిప్పెను. లారీ ఒక్కమారు దగ్గి, గర్జించి, దూరబోవు పండ్రెండవ లారీ ముక్కుకు అరచేయి మందము దూరమున సాగిపోయెను. కండె తిరిగి అకిరు నోటికి చేరెను. బిడ్డ వెక్కిళ్ళు పెట్టుచు, తల్లి మొగమును నేరము మోపునట్లు చూచెను. తల్లి కూడ ఏడ్చుచుండెను.

నాసిమియు రాతిపై నుండి లేచి, కాళ్ళ నొప్పి మరచి వచ్చి, "అది తట్టడం కాదా?" అని పెద్ద గొంతున అడిగెను.

"నేనేం తట్టలేదక్కా. పిల్లకి పళ్ళొస్తున్నాయి."

చుట్టు చేరిన డ్రైవర్లు నవ్విరి. శాస్త్రమున దీనికి సమాధానము లేకపోయెను.

గురువారము తెల్లవారుజాము. ఇంటి ముంగిట అమోంగిన్ చాయ్ కాచి ఫ్లాస్కున పోసి, మరిది రాక కొరకు ఎదురుచూచుచు, మూతిపై గుడ్డ మడచి, గుడ్డపై అరచేయి నొక్కి నిలుచుండెను. ఆవిరికి అరచేయి కందిపోవుచున్నను తీయలేదు. తూరుపు తెల్లబడెను. సైకిలు గంట వినబడలేదు. మరికొంత తెల్లబడెను. అప్పుడు అరటిగెలల కొండ ఒకటి దారిపై ఊగుచు వచ్చెను; దాని వెనుక ఎత్యాంగ్ తల కనిపించెను.

"వదినా, ఆ లావు డ్రైవరు గిడ్డంగి మూస్తుంటే గుమ్మంలో అడ్డం నిలబడ్డాడంట. నాలుగు పగిలాయంట. ఇదిగో," అని చొక్కా జేబు నుండి తీసి ఇచ్చెను.

బిరడా. ఆకుపచ్చనిది. ఎర్ర ఫ్లాస్కుకు ఆకుపచ్చ బిరడా, మరియొక కర్మాగారపు బిడ్డ. సరిపోవునా? అమోంగిన్ గుడ్డ తీసి, బిరడాను మూతిపై ఉంచి, ఊపిరి బిగపట్టి త్రిప్పెను. ఒక చుట్టు. రెండు చుట్లు. అక్కడ పట్టివేసెను. ఎత్యాంగ్ మొగము వాడిపోయెను. ఆమె పండ్లు బిగించి మరల త్రిప్పెను. లోకములోని ఇనుపపెట్టెలన్నిటిని ఒకే కొలతకు కోసిన ఆ మహానుభావులు బిరడాలను కూడ ఒకే కొలతకు కోసిరో, లేక తల్లి చేతి బలమో గాని, కీచుమని ఒక శబ్దము పుట్టి, బిరడా మూడున్నర చుట్లు తిరిగి బిగిసెను. అకిరు దానికై చేయి చాచెను. ముందే సిద్ధము చేసిన పురికొసతో ఆమె బిరడాను ఫ్లాస్కు పిడికి మూడు ముడులు వేసి కట్టెను.

కల్వర్టు వద్ద నాసిమియు తన కప్పుతో సిద్ధముగా నుండెను. మేర కోరినది మొదటి కప్పు తానే త్రాగి తీర్పు చెప్పవలెను. అబద్ధమాడుట కుదరదు, మొగమే చెప్పును. అమోంగిన్ వంచెను. ఆవిరి లేచెను. నాసిమియు ఆ ఆవిరిని చూచినను నమ్మక, పెద్ద గుక్క నోట పోసికొనెను.

కన్నులు పెద్దవాయెను. మ్రింగలేదు, ఉమ్మలేదు. చాల సేపటికి మ్రింగి, నాలుక బయటపెట్టి చేతితో విసరుకొనెను.

"కాలింది," అనెను. మరల కప్పు చాచి, "ఇంకొంచెం పొయ్యి. ఇది మాత్రం ఊదుకుని తాగుతా."

జయము, జయము. ఏడు సముద్రములు దాటి వచ్చిన బిరడా ఒక ఫ్లాస్కు మూతిపై బిగిసెను. ఒక నాలుక కాలెను. వీరవనిత అమోంగిన్ ఇరువది లారీల మేరకు తిరుగులేని ఏలికయై నిలిచెను.

లారీలు మాత్రము ఇరువది లేవు. బారు కదలిపోయినది గదా. ఆమె మేరలో మిగిలినవి మూడు. మూడవదాని ఇంజను అప్పుడే గురగురలాడుచుండెను. అమోంగిన్ ఫ్లాస్కు చంకనెత్తుకొని పరుగెత్తుచు, ఈ రోజు కదలకు తల్లీ, అని పాతమొక్కు మొక్కుకొనెను. పరుగు నడుమ ఒకమారు ఆగి బిడ్డ ముక్కు క్రింద వేలు పెట్టి చూచుకొనెను. ఉన్నది. బిరడాపై చేయి పెట్టి చూచుకొనెను. బిగువుగా ఉన్నది. అయినను మరల చూచుకొనెను.